అరచేతి చెమట, తెగిన నాడి: ఒక శస్త్రచికిత్స చరిత్ర

చెమటను మన ఆలంకారికులు రోగంగా చూడలేదు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో స్వేదం ఒకటి. రోమాంచం, కన్నీరు, గొంతు బొంగురుపోవడం వంటి వాటి సరసన దానికీ పీట వేశారు. మనసు కదిలితే ఒంటికి చెమట పడుతుంది. అది నటుడు అభినయించవలసిన సత్యమే కాని వైద్యుడు కుదర్చవలసిన బాధ కాదని వారి లెక్క. పాణిగ్రహణ వేళ పెళ్ళికొడుకు చేయి చెమర్చిందంటే పేరంటాళ్ళు నవ్వుకొని ఊరుకొంటారు.

అయితే ఏ భావమూ కదలకుండా, ఏ ఎండా తగలకుండా, చిన్ననాటి నుంచీ అరచేతుల్లో నీరు ఊరుతూనే ఉండే మనుషులు కొందరున్నారు. పరీక్ష రాసేటప్పుడు కాగితం తడవకుండా చేతి కింద రుమాలు పరచుకొనే విద్యార్థి, రేషను దుకాణంలో వేలిముద్ర పడక పంచెకు చేయి తుడుచుకొని మళ్ళీ మళ్ళీ యంత్రం మీద వేలు మోపే రైతు, ఎదుటివారు చేయి చాచగానే నమస్కారంతో తప్పించుకొనే ఉద్యోగి, వీళ్ళంతా ఆ కోవలోని వారే. నిద్రలో వారి చేతులు పొడిగానే ఉంటాయి, మెలకువ వస్తే మళ్ళీ మొదలు. వైద్యులు దీనిని హైపర్‌హైడ్రోసిస్ అంటారు. ఒంట్లో ఏదో ఒకచోట ఇలాంటి అతిచెమట ఉన్నవారు నూటికి 2.8 మంది అని 2004లో ప్రచురితమైన ఒక అమెరికా సర్వే తేల్చింది. వారిలో చేతుల బాధ ఉన్నవారు ఒక భాగం. ప్రాణం మీదికి రాదు కనుక ఇంట్లోవాళ్ళు దీనిని జబ్బుగా లెక్కపెట్టరు. సైన్యంలో చేరదామని వెళ్ళిన కుర్రవాడికి మాత్రం వైద్యపరీక్ష దగ్గర చుక్కెదురవుతుంది. అరచేతి చెమట అక్కడ అనర్హతకు ఒక కారణం.

ఇటువంటి వారికి హైదరాబాదు వంటి నగరాలలో చేస్తున్న శస్త్రచికిత్స ఒకటి ఉంది. చంక కింద రెండు మూడు చిన్న గాట్లు పెట్టి, ఛాతీలోనికి గొట్టం దించి, వెన్నెముక పక్కగా సాగే ఒక నాడిని కోస్తారు, లేదా దానికి క్లిప్పు బిగిస్తారు. రోగి బల్ల మీద ఉండగానే చేయి పొడిబారుతుంది. ఒకటి రెండు రోజులలో ఇంటికి పోవచ్చు. ఇంత సులువుగా కనిపించే ఈ పని వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను చదివితే గాని, ఆ గాటు దగ్గర ఎవరికి ఏది దక్కుతోందో, ఏది పోతోందో అర్థం కాదు.

ఈ కథను నేను జంగారెడ్డిగూడెం నుంచి మొదలుపెడుతున్నాను. ఎక్కడి ఛాతీ శస్త్రచికిత్స, ఎక్కడి మెట్ట ఊరు అని పాఠకులు అనుకోవచ్చు. కారణం పొగాకు.

2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి నుంచి విడివడి ఏలూరు జిల్లాలోనికి వచ్చిన జంగారెడ్డిగూడెం, దాని చుట్టుపక్కల కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వర్జీనియా పొగాకు పండే తేలిక నేలలు. పొగాకు బోర్డువారి వేలం కేంద్రాలు జంగారెడ్డిగూడెంలోనే రెండున్నాయి. ఇక్కడ ఆకు కోసే కూలీలకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. మంచుకు తడిసిన పచ్చి ఆకును పొద్దున్నే కోసి, చంకలో ఇరికించుకొని మోస్తే, తల తిరుగుతుంది, కడుపులో దేవుతుంది, ఒళ్ళంతా చెమటలు పడతాయి. పొగ తాగని వాళ్ళకు ఇది మరీ ఎక్కువ. ఆకులోని నికొటిన్ మంచులో కరిగి చర్మం గుండా నెత్తురులోనికి పోవడమే ఇందుకు కారణం. 1970లో ఫ్లోరిడా వైద్యులు దీనిని పచ్చి పొగాకు జబ్బుగా వర్ణించారు. అంటే చెమటను నడిపే నాడులను నికొటిన్ నేరుగా పట్టుకోగలదన్నమాట. ఆ పట్టునే ఆసరాగా చేసుకొని ఒక ఆంగ్లేయుడు మన ఒంట్లోని నాడుల పటం గీశాడు.

ఆ పటం గీయకముందు తెలిసినది కొంచెమే. వెన్నెముకకు ఇరుపక్కలా ముడులు ముడులుగా ఉన్న రెండు నాడుల దండలు ఉన్నాయని శరీర శాస్త్రజ్ఞులు ఎప్పుడో చూశారు. ఒక అవయవం బాధను మరొక అవయవం పంచుకోవడానికి ఇవే దారులని నమ్మి, 1732లో విన్స్‌లో వీటికి సానుభూతి అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాలలోని ‘సహానుభూత నాడీవ్యవస్థ’ అన్న మాట దాని తెలుగే. పేరు బాగుంది కాని, అవి చేసే పనికీ సానుభూతికీ సంబంధం లేదు. 1851లో ఫ్రాన్సులో క్లోద్ బెర్నార్ కుందేలు మెడలో ఆ నాడిని ఒకవైపు కోసి చూశాడు. ఆ వైపు చెవి ఎర్రబడి వెచ్చనైంది. నెత్తుటి గొట్టాలను బిగించి ఉంచేది ఆ నాడేనని అలా తేలింది. 1870లలో జర్మన్ శాస్త్రజ్ఞులు పిల్లి కాలి నాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తే పంజా కింది మెత్తల మీద చెమట బొట్లు వచ్చాయి. పిల్లికి ఒంటి మీద ఉన్న బొచ్చు సందున చెమట కనబడదు, మెత్తల మీద కనబడుతుంది. మన అరచేతులూ అరికాళ్ళూ ఒక విధంగా ఆ మెత్తలకు దాయాదులు.

కేంబ్రిడ్జిలో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ, ఆయన సహచరుడు డికిన్‌సన్ 1889లో చేసిన పని చాలా చిన్నది, చాలా గడుసుది. నాడీసంధి, అంటే ఆ దండలోని ముడి, దాని మీద కుంచెతో నికొటిన్ పూశారు. పూసిన తరువాత ముడికి ముందున్న నాడిని ప్రేరేపిస్తే ఏమీ జరగలేదు. ముడి దాటిన తరువాతి నాడిని ప్రేరేపిస్తే మామూలుగానే పనిచేసింది. అంటే కబురు ఆ ముడి దగ్గర ఒక కణం చేతిలోంచి మరొక కణం చేతికి మారుతోంది, నికొటిన్ ఆ మార్పిడిని స్తంభింపజేస్తోంది. ఇక ఏ ముడి మీద నికొటిన్ పూస్తే ఏ పని ఆగుతుందో చూసుకొంటూ పోతే, ఏ దారి ఎక్కడ మారుతోందో పటం తయారవుతుంది. పిల్లి పాదాలలోని చెమట నాడుల దారిని కూడా లాంగ్లీ 1891లో ఇలాగే వెతికి ప్రచురించాడు. ‘స్వయంచాలిత నాడీవ్యవస్థ’ అని మనం చదువుకొనే పేరుకు మూలం 1898లో ఆయన పెట్టినదే. తరువాతి కాలపు శస్త్రచికిత్సకులు కత్తి పట్టుకొని వెళ్ళింది ఈ పటం మీదనే.

చెమట గ్రంథికి మాత్రం ఒక చిత్రమైన లక్షణం ఉంది. సహానుభూత నాడులు తక్కిన చోట్ల చాలావరకు ఒక రసాయనంతో మాట్లాడితే, చెమట గ్రంథితో అసిటైల్ కోలీన్ అన్న వేరొక రసాయనంతో మాట్లాడతాయి. దీనిని డేల్, ఫెల్డ్‌బర్గ్ 1934లో పిల్లి పంజా మీదనే రుజువు చేశారు. ఉమ్మెత్త కాయ తిన్నవాడి నోరు ఎండిపోయి ఒళ్ళు చెమట లేక పొడిబారడానికి కారణం, ఉమ్మెత్తలోని మందు ఈ అసిటైల్ కోలీన్‌కు అడ్డుపడడమే. అదే 1934లో జపాను శాస్త్రజ్ఞుడు యాస్ కునో మనిషి చెమట మీద ఒక గొప్ప గ్రంథం ప్రచురించాడు. ఎండకు పట్టే చెమట వేరు, మనసుకు పట్టే చెమట వేరు. అరచేయి, అరికాలు ముఖ్యంగా రెండవదానికి కట్టుబడ్డవి అని అందులో వివరించాడు. భరతుడికి తెలిసిన సంగతే, కాకపోతే ఈయన కొలిచి చెప్పాడు.

ఇక కత్తి సంగతికి వద్దాం. నన్ను ఆశ్చర్యపరిచేది ఇదే: ఈ నాడిని మొదట కోసిన వారెవరూ చెమట కోసం కోయలేదు. 1889లో లివర్‌పూల్‌లో విలియం అలెగ్జాండర్ మూర్ఛరోగం కుదురుతుందని కోశాడు. కుదరలేదు. 1896 నుంచి బుకారెస్టులో యొన్నెస్కో కనుగుడ్లు పొడుచుకువచ్చే గొంతువాపుకనీ, మూర్ఛకనీ కోశాడు. 1916లో గుండెనొప్పికి కోశాడు. ఒక సిద్ధాంతం పోతే మరొక సిద్ధాంతం, నాడి మాత్రం అదే. చెమట కోసమే చేసిన మొదటి శస్త్రచికిత్సగా చరిత్రలో నిలిచినది 1920లో కొట్జారెఫ్ చేసినది. ఒకవైపు మాత్రమే విపరీతంగా చెమటపట్టే రోగికి మెడలో కుడివైపు నాడిని కొంత తొలగించాడు.

ఇక్కడొక పిట్టకథ. సిడ్నీలో నార్మన్ రాయిల్ అనే ఎముకల వైద్యుడు, జాన్ హంటర్ అనే కుర్ర ఆచార్యుడు కలిసి, బిర్రబిగుసుకుపోయిన పక్షవాతపు కాళ్ళు ఈ నాడిని కోస్తే సడలుతాయని ప్రతిపాదించారు. 1924లో అమెరికా వెళ్ళి మహామహుల ముందు ఉపన్యసించారు. ఆ ఏడాది డిసెంబరులోనే హంటర్ లండన్‌లో సన్నిపాత జ్వరంతో పోయాడు, అప్పటికి 26 ఏళ్ళు. సిద్ధాంతం కూడా నిలవలేదు. కాని కోసిన కాలు వెచ్చగా, పొడిగా అవుతోందన్న సంగతి అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఆడ్సన్ కంటపడింది. వెచ్చదనం పనికివస్తుందని నెత్తురు ఆడని వేళ్ళ జబ్బులకు వాడాడు. పొడిదనం కూడా పనికివస్తుందని గ్రహించి, 1935లో సహచరులతో కలిసి అతిచెమటను ఈ పద్ధతిలో కుదర్చవచ్చని వ్యాసం ప్రకటించాడు. తప్పు సిద్ధాంతపు పక్కఫలం అలా ఒక చికిత్స అయింది.

ఇదే కాలంలో ఈ శస్త్రచికిత్స మన దేశానికి మరో తోవన వచ్చింది, మళ్ళీ పొగాకు వెంటనే. 1908లో న్యూయార్కులో లియో బర్గర్ వర్ణించిన జబ్బు ఒకటి ఉంది. పడుచువయసు మగవాళ్ళకు, దాదాపు అందరూ పొగతాగేవాళ్ళకు, కాళ్ళలోని నెత్తుటి గొట్టాలు మూసుకుపోయి వేళ్ళు నల్లబడి కుళ్ళిపోతాయి. రాత్రంతా నిద్రపట్టనివ్వని నొప్పి. బీడీ, చుట్ట ఇంటింటా ఉన్న మన దేశంలో ఈ రోగులకు కొదవ లేదు. 1924లో బ్యూనస్ ఐర్స్‌లో హులియో దీయెజ్ ఈ జబ్బుకు నడుము దగ్గర సహానుభూత నాడిని తొలగించాడు. మన పెద్దాసుపత్రులలో దశాబ్దాల తరబడి శస్త్రచికిత్స వార్డుల్లో చేసినది ఆ ఆపరేషనే. నాడి సరిగ్గా తెగిందా లేదా అని చూడడానికి వైద్యుడు మరునాడు రోగి అరికాలు తడిమి చూసేవాడు: వెచ్చగా, పొడిగా ఉంటే తెగినట్టే. నొప్పి తగ్గేది, పుండు మానడానికి కొంత వీలు చిక్కేది. జబ్బు మాత్రం చుట్ట మానితేనే ఆగేది. లంక పొగాకు చుట్ట చేతిలో ఉండగా ఏ నాడి కోసినా వేలు దక్కదని వైద్యులు చెబుతూనే వచ్చారు. నాడుల పటం గీసి ఇచ్చిన మొక్కే, ఆ పటం పట్టుకొని కోయించుకోవలసిన రోగులనూ ఇచ్చింది. ఇంత వింత బంధుత్వం వైద్యచరిత్రలో మరొకటి నా ఎరుకలో లేదు.

రక్తపోటుకూ ఈ నాడినే కోశారు. అమెరికాలో స్మిత్‌విక్ పొట్ట, ఛాతీ అడుగున పెద్ద పెద్ద కోతలతో చేసిన ఆపరేషన్ల ఫలితాలు 1953లో 1,266 మంది మీద ప్రకటించాడు. 1958లో క్లోరోథయజైడ్ అనే మాత్ర వచ్చేసరికి ఆ కోతలకు గిరాకీ పోయింది. మాత్ర రాగానే కత్తి వెనక్కి తగ్గడం ఈ నాడి చరిత్రలో తరచు జరిగేదే. చెమట విషయంలో మాత్రం కత్తి ముందుకే వచ్చింది.

అందుకు కారణం గొట్టం. 1910లో స్టాక్‌హోంలో యాకోబియస్ ఛాతీలోనికి గొట్టం దించి చూడవచ్చని చూపాడు. 1942లో ఇంగ్లండులో హ్యూస్, 1944లో కేప్‌టౌన్‌లో గోయెట్జ్, మార్, 1950లలో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో కుక్స్ ఆ గొట్టంతోనే సహానుభూత నాడిని చేరుకొన్నారు. అయినా గొట్టానికి ఒక కన్ను ఆనించి చూసే పని కావడం చేత అది అంతగా వ్యాపించలేదు. 1980ల చివర గొట్టం కొనకు వీడియో కెమెరా వచ్చాక తెర మీద నాడి పెద్దదిగా కనపడసాగింది. ఊపిరితిత్తిని కాసేపు కుదించితే చాలు, పక్కటెముకల మెడల మీదుగా తెల్లని తాడులా సాగే దండ ఎదురుగా ఉంటుంది. మెడలోనో వీపులోనో పెద్ద కోత కోసి వెతుక్కోవలసిన అవసరం పోయింది. 1990లలో స్వీడన్‌లో, తైవాన్‌లో, తరువాత మన దేశంలో ఇది విరివిగా మొదలైంది. చేతి ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెరగడం బల్ల మీదనే కొలిచి, పని అయిందని చెప్పగలిగారు.

అయితే చేయి పొడిబారిందని బల్ల మీద కొలిచినంత తేలికగా, వీపు తడవడాన్ని ఎవరూ కొలవలేదు. అది ఇంటికి పోయాక, వేసవిలో బయటపడుతుంది. చేతులకు, కొన్నిసార్లు ముఖానికి చెమట ఆగిపోయినవారిలో చాలామందికి వీపు, పొట్ట, తొడలు మునుపు లేనంతగా చెమర్చసాగాయి. కొందరికి కొద్దిగా, కొందరికి రోజుకు మూడు చొక్కాలు మార్చుకొనేంతగా. దీనికి ‘పరిహార స్వేదం’ అనవచ్చునేమో. ఒకచోట పోయినదానికి మరొకచోట చెల్లింపు. ఆ పేరే సరైనది కాదనీ, మెదడుకు అందే సంకేతాల గొలుసు తెగడం వల్ల వచ్చే గందరగోళమనీ వాదించేవారూ ఉన్నారు. తిండి తినేటప్పుడు మాత్రమే ముఖం చెమర్చడం మరొక వింత. ఆవకాయ కలుపుకొన్న ముద్ద నోట్లోకి పోకముందే నుదుటి మీద బొట్లు మొదలవుతాయి. పై ముడికి దెబ్బ తగిలితే ఒక కనురెప్ప వాలిపోవచ్చు. గుండెకు పోయే నాడులూ ఆ దారినే ఉన్నాయి కనుక గుండె వేగం కొంత తగ్గుతుంది. యొన్నెస్కో గుండెనొప్పికి కోసిన నాడి ఇదేనని గుర్తుంటే అందులో ఆశ్చర్యం లేదు.

నాకు కష్టం కలిగించేది ఇది కొత్తగా తెలిసిన విషయం కాకపోవడం. షెల్లీ, ఫ్లోరెన్స్ అనే అమెరికా వైద్యులు 1960లోనే, వీడియో గొట్టానికి ముప్ఫై ఏళ్ళ ముందే, సరిగ్గా ఈ పరిహార స్వేదం గురించి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. వైద్య గ్రంథాలయాలలో అందరికీ అందుబాటులో ఉన్న పత్రిక అది. అయినా 1990లలో వేలమంది పడుచుపిల్లలు దీనిని ఒక చిన్న అసౌకర్యంగానే విని బల్ల ఎక్కారు. ఉక్కపోసే తైవాన్‌లో ఫిర్యాదులు పెరిగి, 2004లో అక్కడి ప్రభుత్వం 20 ఏళ్ళ లోపు వారికి ఈ శస్త్రచికిత్సను నిషేధించింది. స్టాక్‌హోం చలిలో ఉన్నవాడి వీపు చెమటా, కొల్లేటి గట్టున మే నెల మధ్యాహ్నం ఉన్నవాడి వీపు చెమటా ఒకటి కావు. బ్యారన్ దగ్గర కట్టెలు ఎగదోసేవాడికి, చేపల చెరువు మీద వల లాగేవాడికి, ఎండలో ఆకు కోసేవాడికి ఒళ్ళు చల్లబడే దారి చెమటే. వాళ్ళ ఒంటి పైసగం పొడిబారిపోతే ఆ భారమంతా కింది సగం మీద పడుతుంది. ఏసీ గదిలో కీబోర్డు మీద వేళ్ళు జారకుండా ఉండడానికి చేసే లెక్క ఇక్కడ అలాగే సరిపోదు.

ఈ శస్త్రచికిత్స వద్దని నేను అనడం లేదు. నీరు కారే చేతులతో బతుకు పట్టు తప్పినవారు, అంతా తెలిసి, వీపు తడిసినా ఫరవాలేదు చేయి పొడిగా ఉంటే చాలునని ఎంచుకొంటే అది వారి హక్కు. తరువాత సంతోషంగా ఉన్నవారే ఎక్కువమంది అని అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. అంతా తెలిసి అన్నదే ఇక్కడ ముడి. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో మన సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, దాని ముప్పులు, ప్రత్యామ్నాయాలు రోగికి తగినంతగా చెప్పిన తరువాత తీసుకొన్నదే సరైన అంగీకారమని తేల్చింది. ముప్పులంటే మత్తుమందు ముప్పులు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం మాత్రమే కాదు, మే నెల కూడా.

ప్రత్యామ్నాయాలు చిన్నవి కావు. అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాత్రిపూట రాసుకోవచ్చు. కుళాయి నీళ్ళున్న పళ్ళేల్లో చేతులు ముంచి సన్నని విద్యుత్తు పంపే అయాంటోఫొరెసిస్ పద్ధతికి 1968లో లెవిట్ తేలికైన పరికరం చేసి చూపాడు. వారానికి కొన్నిసార్లు, పూటకు ఇరవై ముప్పై నిమిషాలు కూర్చునే ఓపిక ఉంటే చాలామందికి పనిచేస్తుంది, మానేస్తే చెమట తిరిగి వస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవారూ గర్భిణులూ దాని జోలికి పోకూడదు. బొటాక్స్ సూదులు అరచేతిలో పొడిస్తే కొన్ని నెలలు ఉపశమనం, నొప్పీ ఖర్చూ ఎక్కువ. ఆక్సిబ్యుటినిన్ మాత్రలు ఉమ్మెత్త దారిలోనే పనిచేస్తాయి, వాటితోపాటు నోరూ ఎండుతుంది. వీటన్నిటిలో ఒక సుగుణం: నచ్చకపోతే మానేయవచ్చు.

నాడిని మళ్ళీ అతికించడం అంత తేలిక కాదు. 1998లో తైవాన్ వైద్యులు 326 మందిలో నాడిని కోయకుండా క్లిప్పు బిగించి, అక్కరలేకుంటే విప్పవచ్చని ప్రకటించారు. త్వరగా విప్పిన కొందరికి మేలు జరిగింది, అందరికీ కాదు. నలిగిన నాడి ఎంతవరకు కోలుకొంటుందో ముందుగా చెప్పలేరు. 2011లో అమెరికా ఛాతీ శస్త్రచికిత్సకుల సంఘం నిపుణులు మరొక దారి సూచించారు. మూడవ పక్కటెముక మీద నాడిని అడ్డగిస్తే చేయి బాగా పొడిబారుతుంది, పరిహార స్వేదం ముప్పు ఎక్కువ. నాలుగవ దాని మీద అడ్డగిస్తే చేతిలో కాస్త తేమ మిగలవచ్చు, వీపు తడిసే ముప్పు తక్కువ. ఎన్నవ పక్కటెముక మీద అని వైద్యుడిని అడగడానికి డాక్టరు చదువు అక్కరలేదు.